ఏమీ కలపని వరస

ఆమె అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ల్యాబులో ఎవరికీ అక్కర్లేదు. అందరికీ ఆమె గడియారమక్క. ఇరవై నాలుగేళ్ళుగా పొద్దున ఎనిమిదింబావుకల్లా మూడో అంతస్తు ఎక్కి, చెప్పులు గుమ్మం బయట విడిచి, తెల్లకోటు తొడుక్కుని, ఇంక్యుబేటర్ తలుపు తీస్తుంది. లోపల ఉండేవి కేన్సర్ కణాలు. ఎప్పుడో పోయిన ఎవరి ఒంట్లోంచో తీసినవి. మనిషి పోయినా అవి పోలేదు. చదునైన ప్లాస్టిక్ సీసాల్లో, గులాబీ రంగు ద్రవం తాగుతూ, మనిషి ఒంటికుండేంత వేడిలో హాయిగా కాపురం చేస్తుంటాయి. రెండు రోజులకోసారి ఆ ద్రవం మార్చాలి. మర్చిపోతే అది పసుపుపచ్చగా మారిపోతుంది, అవి చచ్చిపోతాయి. వాటిని పెంచేది చంపడానికే అనుకోండి. అయినా మనం పెట్టిన ముహూర్తానికి చావాలి గానీ వాటిష్టం వచ్చినప్పుడు చావకూడదు. అందుకని ఆదివారాల్లేవు, సెలవుల్లేవు. ఒంట్లో బాగాలేని రోజున కూడా మాస్కు కట్టుకుని వచ్చి, వాటికి ద్రవం మార్చి, ఇంటికెళ్ళి ముసుగుతన్ని పడుకున్న మనిషి ఆమె.

చంపడానికి వచ్చేవి మొక్కల సారాలు. ఆకుల్లోంచి, బెరళ్ళలోంచి, వేళ్ళలోంచి తీసినవి చిన్న సీసాల్లో వస్తాయి. వాటిమీద మొక్క పేరు ఉండదు, నంబరే ఉంటుంది. ఏ నంబరు ఏ మొక్కదో రాసిన పుస్తకం ల్యాబు నడిపే మేడమ్ బీరువాలో తాళం వేసి ఉంటుంది. పరీక్ష చేసే మనిషికి అది తెలియకూడదు. తెలిస్తే తనకు తెలియకుండానే చెయ్యి ఇష్టమైన మొక్క వైపు మొగ్గుతుందట. గడియారమక్క ఆ బీరువా వైపు ఒక్కనాడూ చూడలేదు. చూడాలనీ అనిపించలేదు. ఆమెకి నంబర్లే చాలు.

అరచెయ్యంత ప్లాస్టిక్ ప్లేటులో పన్నెండు వరసలు, వరసకి ఎనిమిది గుంటలు. ఒక్కో గుంటలో లెక్కపెట్టి కొన్ని వేల కణాలు వేస్తుంది. అవి కుదురుకున్నాక వరసవరసకీ మోతాదు పెంచుతూ సారం వేస్తుంది. రెండు రోజులాగి పసుపు రంగు మందు వేస్తుంది. బతికున్న కణాలు ఆ పసుపుని ఊదాగా మార్చేస్తాయి. చచ్చినచోట పసుపు పసుపుగానే ఉండిపోతుంది. ఇందులో పెద్ద బ్రహ్మవిద్య ఏమీ లేదు. కాకపోతే మొదటి వరసలో మాత్రం ఏ సారమూ వెయ్యదు, ఉత్త ద్రవమే పోస్తుంది. చదువుకున్నవాళ్ళు దాన్ని కంట్రోల్ అంటారు. గడియారమక్క ఏమీ కలపని వరస అంటుంది. ఆ వరస నిక్షేపంగా ఊదాగా ఉంటేనే మిగతా వరసల్లో చావులకి అర్థం. ఈమధ్యే పరిశోధనకి చేరిన కళ్ళద్దాల పిల్లకి ఆమె చెప్పిన మొదటి పాఠం అదే. "పక్కన పెట్టి పోల్చుకోవడానికి ఇంకోటి లేకపోతే, నువ్వు చూసిందేదీ చూసినట్టు కాదమ్మా. అన్నీ పారేసినా పర్లేదు గానీ ఈ వరస పాడవకూడదు," అని చెప్పింది. కళ్ళద్దాల పిల్ల బుద్ధిగా రాసుకుంది.

ఇంట్లో ముగ్గురే. గడియారమక్క, లిఫ్టులు బాగుచేసే మెకానిక్ భర్త, భర్తకి అక్క. ఈ అక్క, అంటే గడియారమక్కకి వదిన, పెళ్ళి ఊసెత్తకుండా కుట్టుమిషన్ తొక్కి తమ్ముణ్ణి చదివించిన మనిషి. ముందుగది ఆవిడదే. ఆ గదిలో మిషన్, మంచం, సగం కుట్టిన స్కూలు యూనిఫారాలు, నేలంతా దారం ముక్కలు. నోరు కాస్త పెద్దది. మరదలి ఉద్యోగం మీద ఆవిడకున్నంత వెటకారం ఇంకెవరికీ లేదు. "వాటికి అన్నం పెట్టే తల్లివీ నువ్వే, విషం పెట్టే సవతితల్లివీ నువ్వే," అనేది. అలా అంటూనే సాయంత్రం మరదలు గుమ్మంలో కాలు పెట్టగానే మిషన్ ఆపి అడిగేది.

"ఏం మరదలుపిల్లా, ఇవాళ ఎవరు గెలిచారు?"

యాభై దాటిన మనిషిని పట్టుకుని మరదలుపిల్లా అనడం ఆవిడకే చెల్లింది. గడియారమక్క చెప్పులు విప్పుతూ స్కోరు చెప్పేది. పన్నెండు ఓడిపోయింది, ముప్పై ఒకటి సగం చంపింది, ఇరవై ఉత్త దండగ. వదిన తన వంతుగా పందేలు కట్టేది. ఎన్నడూ చూడని, పేరు తెలియని మొక్కల మీద అభిమానం పెంచుకుని, అవి ఓడిపోతే రెండు రోజులు మరదల్ని సాధించేది. పదేళ్ళుగా వాళ్ళిద్దరి మధ్యా నడిచిన ప్రేమకబుర్లు ఇంతకు మించి లేవు.

నలభై ఏడో నంబరు గెలిచిన రోజున గడియారమక్క కూడా కాస్త హుషారుగానే వచ్చింది. "కొంచెం వేసినా చాలు వదినా, గుంటలన్నీ పసుపే. మేడమ్ రెండుసార్లు చూసుకుంది," అంది. వదిన చేతిలో కత్తెర పైకెత్తి, నేను చెప్పలేదా అన్నట్టు ఊపింది. ఆ మాట మళ్ళీ తనమీదికే వస్తుందని గడియారమక్క కలలో కూడా అనుకోలేదు.

రెండు నెలలు తిరక్కుండానే వదినకి కడుపులో గడ్డ బయటపడింది. కేన్సరే అన్నారు. మూడు వారాలకోసారి చొప్పున ఆరుసార్లు కీమో పెడతామన్నారు. తమ్ముడు ఆస్పత్రి మెట్ల మీద కూలబడి ఏడ్చాడు. గడియారమక్కకి ఏడుపు రాలేదు. పన్ను పీకేముందు సూది వేస్తే దవడ ఎలా ఉంటుందో, ఆమెకి ఒళ్ళంతా అలా అయిపోయింది. కాయితాలన్నీ ఒకదాని వెనక ఒకటి సర్దింది. తారీఖులు క్యాలెండర్లో గుర్తుపెట్టింది. సెలవు పెట్టి మొదటి రెండుసార్లూ తనే తీసుకెళ్ళింది. వాంతులు చేసుకుంటుంటే గిన్నె పట్టింది. ఊడిన జుట్టు దువ్వెనలోంచి తీసి పారేసింది. ఏదీ గబగబా చెయ్యలేదు, ఏదీ ఆలస్యంగా చెయ్యలేదు.

రెండోసారి అయ్యాక నాలుగో రోజున, వదిన గోడకి ఆనుకుని కూర్చుని అడిగింది.

"ఆ నలభై ఏడు కాస్త తెచ్చిపెట్టు."

"అది మందు కాదు వదినా. గుంటలో చంపడం వేరు, మనిషిలో వేరు. ఆ గుంటలో ఫినాయిలు పోసినా చస్తాయి. మంచి కణాల మీద ఇంకా వేసి చూడలేదు. వాటినీ చంపేస్తుందేమో ఎవరికి తెలుసు?"

"ఆస్పత్రివాళ్ళు ఎక్కించేది మంచివాటిని చంపట్లేదా? నా నెత్తి చూడు."

"అది ఎంత చంపుతుందో వాళ్ళకి తెలుసు. దీని సంగతి ఎవరికీ తెలియదు. ఏ మొక్కో నాకే తెలియదు."

"ఏ మొక్కో నీకు తెలియదా? ఇరవై నాలుగేళ్ళ నుంచి అక్కడే ఉన్నావు, నీకు తెలియదంటే నేను నమ్మాలా?" వదిన మొహం గోడవైపు తిప్పుకుంది. "ఉద్యోగం పోతుందని భయం నీకు. సొంత అక్కనైతే ఈపాటికి తెచ్చేదానివి."

గడియారమక్క లేచి వంటింట్లోకి వెళ్ళింది. కానీ ఆ మాట తిన్నగా వెళ్ళి లోపల ఎక్కడో కూర్చుంది. వారం రోజులు వదిన ఆ మాటే పట్టుకుంది. అన్నం పళ్ళెం తోసేసేది. ఎవరు గెలిచారని అడగడం మానేసింది. ఎనిమిదో రోజు మధ్యాహ్నం గడియారమక్క ల్యాబు క్యాంటీన్‌లో చక్కెర లేని టీ తీసుకుంది. మరగబెట్టి చల్లార్చిన నీళ్ళలో రంగు వచ్చేదాకా ఆ టీ కలిపింది. కొత్త సీసాలో పోసి, ల్యాబులో రాసినట్టే నల్ల పెన్నుతో నలభై ఏడు అని రాసింది. అబద్ధం ఆడుతున్నానని కూడా అనిపించలేదు. ఏమీ కలపని వరస ఇంతవరకూ ఎవరికీ హాని చెయ్యలేదు. అది ఆమె రోజూ కళ్ళారా చూస్తున్నదే.

"పొద్దున్నే పది చుక్కలు. ఒక్క చుక్క కూడా ఎక్కువ కాకూడదు," అని ఇచ్చింది. వదిన సీసా రెండు చేతుల్తో అందుకుంది. "ఎవరూ చూడలేదు కదా?" అని మాత్రం అడిగింది.

అప్పట్నుంచి రోజూ పొద్దున ఏడింటికి గడియారమక్క మంచం పక్కన కూర్చుని, చెంచాలోకి చుక్కలు వేస్తూ పైకి లెక్కపెట్టేది. పది అనగానే వదిన మింగి, చేదుగా ఉన్నట్టు మొహం పెట్టేది. మూడో కీమో రోజు వచ్చింది. "నీ సెలవులన్నీ నాకే తగలేస్తావా? నేను ఆటోలో వెళ్ళి వస్తాను, నాకేం కాళ్ళు విరిగాయా," అంది వదిన. సాయంత్రం గడియారమక్క ఇంటికొచ్చేసరికి దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. అయిపోయిందంది. ఆ రాత్రి వాంతి కాలేదు. మర్నాడూ కాలేదు. రెండు రోజులకి లేచి మిషన్ మీద కూర్చుంది. "అంతా నలభై ఏడు చలవే," అంది.

ఇక్కడే గడియారమక్క తప్పు చేసింది. అది ఆమెలాంటి వాళ్ళు మాత్రమే చెయ్యగల తప్పు. మామూలు మనిషైతే కీమో ఎక్కించుకున్న మనిషికి వాంతులెందుకు కాలేదని ఆరా తీసేది. ఈమెకి అన్నీ తెలుసు కదా. మందని నమ్మి ఉత్త నీళ్ళు తాగినవాళ్ళకి కూడా వికారం తగ్గుతుందని ఏవో కాయితాల్లో చదివింది, కళ్ళద్దాల పిల్లతో దాని గురించి మాట్లాడింది కూడా. నమ్మకం పనిచేస్తోందనుకుంది. నాలుగోసారి కూడా వదిన ఒక్కతే వెళ్ళొచ్చానంది, అప్పుడూ వాంతుల్లేవు. గడియారమక్క క్యాలెండర్లో నాలుగో గుర్తు కూడా కొట్టేసింది. ఆ వారాల్లో ఇంట్లో నవ్వులు కూడా వినిపించాయి, ఎవరు గెలిచారన్న ప్రశ్న మళ్ళీ మొదలైంది. దాన్ని చెడగొట్టుకోవాలని ఎవరికి ఉంటుంది?

నాలుగో గుర్తు కొట్టిన రెండో వారంలో ల్యాబులో నలభై ఏడుని మంచి కణాల మీద వేసి చూశారు. కేన్సర్ కణాలకన్నా ముందే అవి చచ్చిపోయాయి. అతి తక్కువ మోతాదు వేసిన వరసలో కూడా పసుపే. మేడమ్ నిట్టూర్చి, నంబరు పక్కన అడ్డగీత గీసింది. గడియారమక్క ఆ ప్లేటు చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడింది. వదిన మాట విని నిజంగానే తెచ్చి ఉంటే? ఎంత పని తప్పింది అనుకుంది. తన తెలివికి తనే మెచ్చుకుంది కూడా. ఆ మెచ్చుకోలు సరిగ్గా గంట సేపు నిలిచింది.

గంటలో ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. "మీ పేషెంట్ మూడోసారీ రాలేదు, నాలుగోసారీ రాలేదు. ఆవిడకి ఫోన్ చేస్తే ఎత్తట్లేదు. డాక్టరుగారు కనుక్కోమన్నారు," అంది నర్సు.

గడియారమక్క బస్సు దిగి ఇంటికి నడిచింది. పరుగెత్తలేదు. వదిన చొక్కాకి కాజాలు కుడుతోంది.

"వదినా, ఆస్పత్రికి ఎందుకు వెళ్ళలేదు?"

వదిన తల ఎత్తలేదు. "నీ మందు ఉండగా ఆ నరకం ఎందుకని. చూడు, ఎంత బాగున్నానో. నీకు చెప్తే ఊరుకోవని చెప్పలేదు."

"అది మందు కాదు. నీళ్ళు."

"ఏది?"

"సీసాలోది. మరగబెట్టిన నీళ్ళు, కాస్త టీ."

"చేదుగా ఉంటుంది కదా."

"చక్కెర వెయ్యలేదు, అందుకు." ఇంకేం చెప్పాలో ఆమెకి తెలియలేదు. "మీకు బాగున్నది మొదటి రెండు కీమోల వల్ల. నేను ఇచ్చినదాన్లో ఏమీ లేదు."

వదిన సూది చొక్కాలో గుచ్చి పక్కన పెట్టింది. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. వదిన తిడుతుందని, చెయ్యి చేసుకున్నా పడాలని గడియారమక్క నిలబడే ఉంది.

"రేపు ఎన్నింటికి వెళ్ళాలి?" అని అడిగింది వదిన చివరికి. "తమ్ముడికి ఈ నీళ్ళ సంగతి చెప్పకు. వాడు నిన్ను బతకనివ్వడు. నేనే భయపడి మానేశానని చెప్తాలే."

అలాగే చెప్పింది కూడా. తమ్ముడు గోడకేసి తల కొట్టుకున్నంత పని చేశాడు. గడియారమక్క వంటింట్లో నిలబడి అంతా వింది. బయటికి వచ్చి నిజం చెప్పాలని ఉంది. గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

కీమో ఐదు వారాలు ఆలస్యమైంది. స్కానింగు చూసి డాక్టరు, గడ్డ మళ్ళీ పెరిగిందన్నాడు. "మధ్యలో మానకపోతే?" అని గడియారమక్క అడిగింది. "చెప్పలేమమ్మా. మానకపోయినా కొందరికి పెరుగుతుంది. ఈవిడకి ఏమయ్యేదో ఎవరు చెప్పగలరు?" అన్నాడు. ఆయన తప్పించుకోవడానికి అనలేదు, ఉన్నమాటే అన్నాడు. అది గడియారమక్కకి అందరికన్నా బాగా తెలుసు.

మళ్ళీ మొదలుపెట్టిన మందు అంతగా పట్టలేదు. వదిన మిషన్ మీద గుడ్డ కప్పేసింది. పది రోజులపాటు మరదలితో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. పదకొండో రోజు పొద్దున ఏడింటికి గది ముందు నుంచి వెళ్తుంటే పిలిచింది.

"ఆ సీసా అయిపోవచ్చింది. ఇంకోటి తే."

"అది నీళ్ళని చెప్పాను కదా, వదినా."

"చెప్పావు. నాకేం చెవుడా?" వదిన గొంతులో పాత వెటకారం సన్నగా ఉంది. "ఆ ఆస్పత్రివాళ్ళు ఇచ్చేవన్నీ వాంతి తెప్పిస్తున్నాయి. నువ్వు పక్కన కూర్చుని పదిదాకా లెక్కపెడతావు చూడు, అదొక్కటే బాగుంటుంది. టీ ఇంకాస్త వెయ్యి."

గడియారమక్క తెచ్చింది. రోజూ ఏడింటికి కూర్చుని లెక్కపెట్టింది. ఒకటి నుంచి పది దాకా, చెయ్యి వణక్కుండా. పది అయ్యాక వదిన కళ్ళు మూసుకునేది. నన్ను క్షమించండి అని ఒక్కసారైనా అందామనుకుంది గానీ, ఆ లెక్క తప్ప ఆమె నోట్లోంచి ఏమీ వచ్చేది కాదు. లోపల ఏదీ కదలడం లేదు.

ఒక మంగళవారం మధ్యాహ్నం, తమ్ముడి చేతిలో చెయ్యి ఉండగా వదిన పోయింది. ఫోనొచ్చేసరికి గడియారమక్క ప్లేటుకి పసుపు మందు వేస్తోంది. "సరే, వస్తున్నాను," అని, మిగిలిన నాలుగు వరసలూ పూర్తి చేసి, ప్లేటు ఇంక్యుబేటర్లో పెట్టి, సమయం రాసి, కోటు తీసి మేకుకి తగిలించి వెళ్ళింది. కళ్ళద్దాల పిల్లకి తర్వాత విషయం తెలిసి, అక్క మనిషేనా అనుకుంది. పాపం, చిన్నపిల్ల.

ఐదో రోజు పొద్దున భర్త ముందుగది సర్దుతూ సీసా పట్టుకొచ్చాడు. "ఇదేం మందు? చివరిదాకా దిండు పక్కనే పెట్టుకుంది. ఆస్పత్రి చీటీల్లో ఎక్కడా లేదే."

చెప్పకు అన్న మనిషి లేదు. గడియారమక్క మొదట్నుంచీ చెప్పింది. నలభై ఏడు, నీళ్ళు, టీ, రాని వాంతులు, తను కొట్టేసిన క్యాలెండరు గుర్తులు, వదిన తన మీద వేసుకున్న నింద. హాజరు పట్టీ చదివినట్టు చెప్పింది. భర్త మంచం అంచున కూర్చుని విన్నాడు.

"అయితే ఆ ఐదు వారాలు మానకపోతే అక్క బతికేదా?"

"తెలియదండీ. తెలియాలంటే మానకుండా వెళ్ళిన అక్క ఇంకొకావిడ ఉండాలి. ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. మనకి ఒక్కావిడే."

అతను సీసాని వెలుతురుకి ఎత్తి చూశాడు. అడుగున కాస్త మిగిలి ఉంది. తిట్టలేదు. ఓదార్చలేదు కూడా. సీసా తీసుకెళ్ళి మిషన్ మీద పెట్టి, "నీకు బస్సు పోతుంది," అన్నాడు.

ఎనిమిదింబావుకి ఆమె ల్యాబులో ఉంది. కొత్తగా యాభై మూడో నంబరు వచ్చింది. ప్లేటు ముందు పెట్టుకుని, ముందుగా ఏమీ కలపని వరసలో ఉత్త ద్రవం వెయ్యడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు అని ఆమె పైకి లెక్కపెడుతుంటే పక్కనున్న కళ్ళద్దాల పిల్ల ఆశ్చర్యంగా చూసింది. అక్క పైకి లెక్కపెట్టడం ఎప్పుడూ వినలేదు. ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది.

"అక్కా, వరసకి ఎనిమిదే కదా," అంది ఆ పిల్ల మెల్లగా.

గడియారమక్క చూసుకుంది. చివరి రెండు చుక్కలూ పక్క వరసలో, సారం వెయ్యాల్సిన గుంటల్లో పడ్డాయి. ఇరవై నాలుగేళ్ళలో ఆమె చేతిలో పాడైన మొదటి ప్లేటు అది.

"అవును, ఎనిమిదే," అంది. గ్లవుజులు తీసి పక్కన పెట్టి, స్టూలు మీద కూర్చుని, వదిన పోయిన తర్వాత మొదటిసారి ఏడ్చింది.